నీటిని లెక్కపెట్టిన ఒంటిచేతి మేజరు - జాన్ వెస్లీ పావెల్

ఈ దేశంలో కాపురముంటున్న తెలుగు కుటుంబాలలో గ్రాండ్ కేన్యన్ చూడనివారు తక్కువ. వేసవి సెలవులు వచ్చాయంటే, ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారంటే, పులిహోర, పెరుగన్నం కారులో సర్దుకుని అరిజోనా దారి పట్టడం మనకు అలవాటు. గట్టు మీద నిలబడి లోపలికి తొంగిచూస్తాం. మైలు లోతు. అడుగున సన్నని దారంలా ఒక నది. ఇంత పెద్ద గొయ్యి ఎవరు తవ్వారని పిల్లలు అడుగుతారు. నది తవ్విందని చెప్పి, నాలుగు ఫొటోలు తీసుకుని, చీకటి పడకముందే లాస్ వేగాస్ చేరాలని బయలుదేరతాం.

నది ఎలా తవ్వింది? అసలు ఆ నదిలో నీళ్ళెన్ని? ఆ నీళ్ళు ఎవరివి? ఈ మూడు ప్రశ్నలూ నూటయాభై ఏళ్ళ క్రితమే వేసుకుని, జవాబు కోసం ప్రాణాలకు తెగించి ఆ నదిలో పడవ దించిన మనిషి ఒకడున్నాడు. ఆయనకు కుడిచేయి లేదు. కళాశాల పట్టా కూడా లేదు. ఆయన పేరు మేజర్ జాన్ వెస్లీ పావెల్. లేక్ పావెల్ అని మనం పడవ షికారుకు వెళ్ళే సరస్సు ఆయన పేరిటిదే. సరస్సు పేరు తెలిసినంతగా మనిషి సంగతి మనవాళ్ళకు తెలియదు. మెట్టపొలాలూ, ఎండిన చెరువులూ చూసి వచ్చిన మనకు ఆయన చెప్పిన మాట ఇతరులకన్నా త్వరగా అర్థమవుతుందనే నమ్మకంతో ఈ నాలుగు ముక్కలూ వ్రాస్తున్నాను.

బాల్యం, చదువు

పావెల్ 1834 మార్చి 24న న్యూయార్క్ రాష్ట్రంలోని మౌంట్ మోరిస్ అనే వూళ్ళో పుట్టాడు. తల్లిదండ్రులు ఇంగ్లండు నుంచి వలస వచ్చినవారు. ఒక విధంగా చెప్పాలంటే, ఆయన కూడా మన పిల్లల వంటివాడే, వలస వచ్చినవారి బిడ్డ. తండ్రి జోసెఫ్ పావెల్ మెథడిస్టు బోధకుడు, బట్టలు కుట్టడం, సేద్యం కూడా చేసేవాడు. కుటుంబం ఒహాయో రాష్ట్రంలోని జాక్సన్‌కు మకాం మార్చింది. తండ్రి బానిసత్వాన్ని గట్టిగా వ్యతిరేకించేవాడు. అది వూళ్ళో చాలామందికి గిట్టలేదు. ఆ కోపం బడిలో పిల్లవాడి మీద చూపించారు. రాళ్ళు కూడా విసిరారు. చివరికి బడి మాన్పించి, జార్జి క్రూకమ్ అనే పొరుగు రైతు దగ్గర చదువుకు పెట్టారు.

క్రూకమ్ స్వయంకృషితో శాస్త్రాలు నేర్చుకున్నవాడు. ఇంట్లో పుస్తకాలతోబాటు రాళ్ళు, మొక్కలు, ఎముకలు పోగుచేసి చిన్న ప్రదర్శనశాల పెట్టుకున్నాడు. పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని కొండల్లో తిప్పి, రాయిని చూసి దాని పుట్టుక చెప్పడం నేర్పాడు. పావెల్‌కు దొరికిన అసలు బడి అదే.

తరువాత కుటుంబం విస్కాన్సిన్‌కూ, అక్కణ్ణుంచి ఇల్లినాయ్‌కూ వెళ్ళింది. తండ్రి మతబోధ కోసం వూళ్ళు తిరుగుతుంటే, పన్నెండేళ్ళ కుర్రవాడు పొలం పనులు నెత్తిన వేసుకున్నాడు. మధ్యలో దొరికినప్పుడు చదివాడు. ఇల్లినాయ్‌లోనూ ఒహాయోలోనూ మూడు కళాశాలల్లో చేరి, ఏ ఒక్కచోటా చదువు ముగించలేదు. కొడుకు బోధకుడు కావాలని తండ్రి కోరిక. కొడుకు మనసు మాత్రం నదుల మీదా రాళ్ళ మీదా వుంది. 1856లో ఒంటరిగా పడవ వేసుకుని మిసిసిపీ నది పొడవునా తెడ్డు వేసుకుంటూ వెళ్ళాడు. తరువాత ఒహాయో, ఇల్లినాయ్ నదులూ అలాగే చుట్టివచ్చాడు. నత్తగుల్లలు, శిలాజాలు పోగుచేస్తూ, బడిపంతులుగా పొట్టపోసుకున్నాడు.

యుద్ధంలో పోయిన చేయి

1861లో అంతర్యుద్ధం వచ్చింది. తండ్రి నూరిపోసిన బానిసత్వ వ్యతిరేకత పావెల్ రక్తంలో వుంది. సామాన్య సిపాయిగా ఉత్తర సైన్యంలో చేరి, కొద్దికాలానికే ఫిరంగిదళానికి కెప్టెన్ అయ్యాడు. ఆ సంవత్సరం చివరలోనే ఎమ్మా డీన్‌ను పెళ్ళి చేసుకున్నాడు. 1862 ఏప్రిల్ 6న టెన్నెసీలోని షైలో యుద్ధంలో, ఫిరంగులు పేల్చమని సైగ చేయడానికి చేయెత్తినప్పుడు తూటా వచ్చి ముంజేతికి తగిలింది. కుడిచేతిని మోచేతి దిగువన తీసివేశారు. ఆనాటి వైద్యంలో తెగిన నరాల బాధకు మందు లేదు. ఆ నొప్పి ఆయనను జీవితమంతా వెంటాడింది.

ఎమ్మా పక్కనే వుండి సేవచేసి బతికించుకుంది. గాయం మానగానే పావెల్ ఇంటికి పోకుండా మళ్ళీ సైన్యానికే వెళ్ళాడు. విక్స్‌బర్గ్ ముట్టడిలో సైనికులు కందకాలు తవ్వుతుంటే, ఆ మట్టిలో బయటపడిన గుల్లలు ఏరి దాచుకున్నాడట. 1865లో మేజరు హోదాతో బయటికి వచ్చాడు. అప్పటినుంచి అందరూ ఆయనను మేజర్ అనే పిలిచారు.

ఆ తరువాత ఇల్లినాయ్‌లోని బ్లూమింగ్టన్‌లో భూగర్భశాస్త్రం బోధించడానికి చేరాడు. పుస్తకం మూసి విద్యార్థులను కొండలెక్కించడం ఆయన పద్ధతి. 1867లోనూ 1868లోనూ వారిని వెంటబెట్టుకుని రాకీ పర్వతాలకు వెళ్ళాడు. ఎమ్మా కూడా వెంట వెళ్ళి పైక్స్ పీక్ శిఖరం ఎక్కింది. అక్కడే కొలరాడో నది ఆయన కంటబడింది. ఆనాటి దేశపటంలో ఆ నది నడిమి భాగం ఖాళీ కాగితం. ఆ లోయల్లోకి దిగినవాడు తిరిగి రాడనీ, నది భూమిలోకి దూకి మాయమవుతుందనీ చెప్పుకునేవారు.

వెయ్యి మైళ్ళ ప్రయాణం

1869 మే 10న తూర్పు పడమరల రైలుమార్గాలు యూటాలో కలిశాయి. సరిగ్గా రెండు వారాలకు, మే 24న, వయోమింగ్‌లోని గ్రీన్ రివర్ స్టేషను దగ్గర పావెల్ నాలుగు పడవలు నీట్లో దించాడు. అవి షికాగోలో చేయించి రైలులో తెప్పించినవి. ముందు నడిచే చిన్న పడవకు భార్య పేరు పెట్టాడు. మొత్తం పదిమంది. వారిలో ఒకడు ఆయన తమ్ముడు వాల్టర్. మిగిలినవారు మాజీ సిపాయిలు, వేటగాళ్ళు. పదినెలలకు సరిపడా సరుకులు వేసుకున్నారు. ఎత్తులు కొలవడానికి బారోమీటర్లు పెట్టుకున్నారు. గాలి ఒత్తిడి కొండపైన తక్కువగానూ లోయలో ఎక్కువగానూ వుంటుంది గదా, దానినిబట్టి నది ఎంత దిగుతున్నదో లెక్కకట్టవచ్చు.

పదిహేను రోజులు గడిచేసరికి లోడోర్ లోయలో ఒక పడవ రాళ్ళకు కొట్టుకుని ముక్కలయింది. మనుషులు బతికారు గాని, తిండిగింజలలో పెద్ద భాగం నీటిపాలయింది. విరిగిన పడవలో చిక్కుకున్న బారోమీటర్లను మరునాడు ప్రాణాలకు తెగించి పట్టుకొచ్చారు. మరొకసారి పావెల్ కొలతల కోసం కొండ ఎక్కి, పైకీ కిందికీ పోలేక ఒంటిచేత్తో వేలాడుతూ చిక్కుకుపోయాడు. పైనున్న బ్రాడ్లీ అనే సహచరుడికి తాడు దొరకలేదు. తాను తొడుక్కున్న పొడుగాటి లోపలి పైజమా విప్పి కిందికి జార్చాడు. పావెల్ రాతిని వదిలి, ఆ ఒక్క చేత్తోనే గాలిలో దానిని అందుకోవాలి. అందుకున్నాడు. బతికాడు.

ఇంతలో వారంతా మునిగి చచ్చిపోయారని ఒక మోసగాడు కథ అల్లితే పత్రికలు అచ్చువేశాయి. ఆ కథలోని తేదీలూ వివరాలూ పొసగడం లేదని ఎమ్మా గట్టిగా ఖండించింది.

ఆగస్టులో గ్రాండ్ కేన్యన్‌లోకి దిగేసరికి మిగిలిన తిండి బూజుపట్టిన పిండి, ఎండు ఆపిళ్ళు, కాఫీ మాత్రమే. ఒకడు జూలైలోనే చాలించి వెళ్ళిపోయాడు. ఆగస్టు 28న ఘోరమైన సుడుల దగ్గర మరి ముగ్గురు, హౌలండ్ సోదరులు ఇద్దరూ, విలియమ్ డన్, ఇక నీటిలోకి రామని చెప్పి కొండెక్కి నడిచిపోయారు. మిగిలిన ఆరుగురూ రెండు పడవల్లో ఆ సుడులు దాటి, మరునాడే లోయ బయటపడ్డారు. ఆగస్టు 30న వర్జిన్ నది కలిసే చోట చేపలు పడుతున్న మోర్మన్లు వారిని చూశారు. వీరి శవాలో పడవ చెక్కలో కొట్టుకొస్తాయేమో చూస్తుండమని ఆ మోర్మన్లకు పురమాయింపు వచ్చి వుంది. నడిచిపోయిన ముగ్గురూ మాత్రం దారిలో హత్యకు గురయ్యారు. చంపినది ఎవరన్న తగవు ఈనాటికీ తేలలేదు. ఇంకొక్క రోజు ఓపిక పట్టివుంటే వారు బతికేవారు గదా అని చదివినవారి గుండె తరుక్కుపోతుంది.

రాళ్ళు చెప్పిన కథ

పావెల్ 1871-72లో మరల అదే నదిలో, ఈసారి కాంగ్రెసు ఇచ్చిన సొమ్ముతో, పటాలు గీసేవారినీ ఫొటోలు తీసేవారినీ తీసుకువెళ్ళాడు. సరిగ్గా 1871లోనే మన దేశంలో యెల్లందు దగ్గర డాక్టర్ కింగ్ బొగ్గు గుర్తించాడు. సింగరేణి గనుల కథ అక్కడ మొదలయింది. భూమి కడుపులో ఏముందో కాలినడకన తిరిగి కనుక్కున్న కాలమది.

పావెల్‌కు ఎదురైన చిక్కుప్రశ్న ఇది. కొండ ఎదురైతే నది పక్కకు తప్పుకుని పోవాలి. కాని ఇక్కడి నదులు నిటారుగా కొండ మధ్యలోంచి చీల్చుకుని పోయాయి. ఎందుకని? ఆయన చెప్పిన జవాబు మన ఇంటి కత్తిపీటను తలుచుకుంటే తేలికగా తెలుస్తుంది. కత్తిపీట కదలదు, కూరగాయే కత్తి మీదికి పోతుంది, తెగుతుంది. నది ఉన్నచోటనే వుంది. కింద నేల నెమ్మదిగా పైకి లేస్తూ వచ్చింది. లేచినకొద్దీ నది కోస్తూపోయింది. నీరు ఒక్కటే కోయదు. అది మోసుకుపోయే ఇసుకా గులకరాళ్ళూ ఆకురాయిలా అరగదీస్తాయి. అయితే ఏ నదీ సముద్రమట్టానికి దిగువకు కోసుకుపోలేదు. నది కోతకు అడుగు హద్దు ఒకటుందన్న ఈ ఊహ కూడా పావెల్ శాస్త్రానికి ఇచ్చినదే. నది వయస్సు విషయంలో ఆయన లెక్క పూర్తిగా నిలవలేదు. నేటి గ్రాండ్ కేన్యన్‌లో చాలాభాగం గడచిన 50, 60 లక్షల ఏళ్ళలో తయారయిందని ఇప్పటి శాస్త్రజ్ఞులు ఎక్కువమంది అంటారు. నేల లేవడం, నది కోయడం అన్న మూలసూత్రం మాత్రం బడిపిల్లల పుస్తకాల దాకా వచ్చింది.

గట్టు మీద మనం నిలబడే సున్నపురాయికి సుమారు 27 కోట్ల సంవత్సరాలు. అడుగున నది ఒరుసుకునే నల్లని రాయికి 170 కోట్ల సంవత్సరాలకు పైబడిన వయస్సు. ఆ నల్లరాతికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు విష్ణు! పావెల్ సహచరుడు క్లారెన్స్ డటన్ ఇక్కడి శిఖరాలకు విష్ణు, శివ ఆలయాలని పేర్లు పెట్టడం మొదలుపెట్టాడు. తరువాతివారు బ్రహ్మ, రామ, కృష్ణులను కూడా చేర్చారు. ఈసారి వెళ్ళినప్పుడు పటంలో వెతకండి, అమ్మమ్మలు సంతోషిస్తారు.

ఇంకొక విశేషం. ఆ నల్లరాతి మీద నేరుగా ఇసుకరాతి పొర పరుచుకున్న చోట, ఆ రెంటి మధ్య వంద కోట్ల సంవత్సరాలకు పైబడిన కాలం మాయమయింది. అప్పటి పొరలు అరిగిపోయాయి, లేదా ఏర్పడనే లేదు. పుస్తకంలో మధ్యపుటలు చిరిగినట్లన్నమాట. ఇలాంటి చిరుగును చూడడానికి అరిజోనా దాకా రానక్కరలేదు. తిరుమల ఘాట్ రోడ్డులో, దిగువన గ్రానైటు మీద కొండరాతి పొరలు కూర్చున్నచోట, సుమారు 80 కోట్ల సంవత్సరాల విరామం కనబడుతుంది. దానిని భారత భూగర్భ సర్వే శాఖవారు జాతీయ భూవారసత్వ చిహ్నంగా గుర్తించారు. గోవింద నామస్మరణతో ఆ గీత పక్కనుంచే మనం ఎన్నిసార్లు వెళ్ళామో!

నీళ్ళెన్ని, నేలెంత

ఇంతవరకు చెప్పినది సాహసగాథ. పావెల్ జీవితంలో అసలు కార్యం దీని తరువాతనే వుంది.

ఆనాడు ప్రభుత్వం పడమటి భూములను 1862 నాటి చట్టం ప్రకారం కుటుంబానికి 160 ఎకరాల చొప్పున పంచిపెడుతూ వుంది. తూర్పున వానలు పడేచోట ఆ 160 ఎకరాలు హాయిగా బతకడానికి చాలు. కాని దేశం మధ్యగా, వందవ రేఖాంశం దగ్గర్లో, ఒక కనిపించని గీత వుందని పావెల్ కొలతలతో చూపించాడు. దానికి పడమట ఏటా ఇరవై అంగుళాల వాన కూడా పడదు. పారుదల లేకుండా పంట నమ్మకం లేదు. మనకు తెలిసిన లెక్కలో చెప్పాలంటే, అనంతపురం జిల్లా సాధారణ వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు, అంటే ఇరవై రెండు అంగుళాల లోపు. అనంతపురం రైతును 160 ఎకరాల మెట్ట ఇస్తాం, వానను నమ్ముకుని బతుకు అంటే ఏమంటాడో మనకు తెలుసు.

రైల్వే కంపెనీలు, భూముల దళారులు మాత్రం వేరే పాట పాడారు. నాగలి సాగినచోటికి వాన తానే వస్తుందని ప్రచారం చేశారు. చదువుకున్నవారు కూడా కొందరు నమ్మారు. లక్షలమంది ఆశతో బండ్లు కట్టుకుని వచ్చారు.

1878లో పావెల్ ఎండునేలల మీద తన నివేదికను ప్రభుత్వానికి సమర్పించాడు. అందులోని సారాంశం ఇది. యూటా మొత్తంలో నీరు పెట్టి సాగుచేయగలిగిన నేల మూడు శాతం కూడా లేదు. కనుక నేలను చతురస్రాలుగా గీతలు గీసి పంచడం మానాలి. నీటినిబట్టి పంచాలి. పారుదల వున్నచోట కుటుంబానికి 80 ఎకరాలు చాలు. పశువుల మేతబీడు అయితే 2,560 ఎకరాలయినా కావాలి. నీటిహక్కు నేలతోనే ముడిపడి వుండాలి, నేలను వదిలి నీటిని విడిగా అమ్ముకోరాదు. రైతులు కొందరు కలిసి కాలువలు తవ్వుకుని, తమ నీటిని తామే పంచుకోవాలి. యూటాలో మోర్మన్ రైతులు ఉమ్మడిగా కాలువలు నడుపుకోవడం ఆయన కళ్ళారా చూశాడు.

మన పెద్దలకు ఇది కొత్త మాట కాదు. చెరువు, దాని కింద ఆయకట్టు, తూము దగ్గర నీరటికాడు, ఎవరి వంతు ఎప్పుడని వూరి కట్టుబాటు, ఇవన్నీ తరతరాలుగా రాయలసీమలోనూ తెలంగాణలోనూ నడిచినవే. చెరువులో నీళ్ళు చూసి నారు పోసుకోవడం మన రైతుకు ఒకరు నేర్పనక్కరలేదు. పావెల్ ఆ వివేకాన్నే ఒక పెద్ద దేశపు చట్టంలో పెట్టాలన్నాడు. రాష్ట్రాల హద్దులు కూడా నదుల పరీవాహక ప్రాంతాలనుబట్టి వుంటే తగవులు తగ్గుతాయని పటం గీసి చూపించాడు.

యథార్థవాది లోకవిరోధి

1881లో పావెల్ దేశపు జియలాజికల్ సర్వేకు అధిపతి అయ్యాడు. పదమూడేళ్ళు ఆ పదవిలో వున్నాడు. దేశమంతటికీ ఒకే పద్ధతిలో, కొండల ఎత్తుపల్లాలు తెలిపే పటాలు తయారుచేయించడం ప్రారంభించాడు. గనులు, బొగ్గు, నీరు ఎక్కడున్నాయో తెలియకుండా దేశం తన ఆస్తిని ఎలా వాడుకుంటుందని ఆయన వాదన. 1889లో న్యూమెక్సికోలోని ఎంబుడో దగ్గర, రియో గ్రాండే నది మీద, నీటి ప్రవాహాన్ని కొలిచే తొలి కేంద్రం ఆయన హయాంలోనే వెలిసింది. నది వెడల్పు, లోతు, వేగం మూడూ కొలిచి గుణిస్తే సెకనుకు ఎన్ని ఘనపుటడుగుల నీరు పోతున్నదో తేలుతుంది. ఈనాడు దేశంలో అటువంటి కేంద్రాలు వేలసంఖ్యలో వున్నాయి.

నదులను కొలవడానికి, జలాశయాలకు తగిన చోట్లు గుర్తించడానికి 1888లో కాంగ్రెసు ఆయనకు అధికారమిచ్చింది. కొలతలు పూర్తయ్యేదాకా ప్రభుత్వ భూముల పంపకం ఆగింది. దానితో పడమటి రాష్ట్రాల నాయకులు మండిపడ్డారు. ముఖ్యంగా నెవాడా సెనేటరు విలియమ్ స్టూవర్ట్ పగబట్టాడు. 1890లో ఆ సర్వేకు డబ్బు ఆపివేశారు. రెండేళ్ళకు ఆయన శాఖ బడ్జెట్టునే కత్తిరించారు.

1893 అక్టోబరులో లాస్ ఏంజిలస్‌లో పారుదల మహాసభ జరిగింది. ఎడారులన్నీ పచ్చబడతాయని వక్తలందరూ చప్పట్ల మధ్య చెబుతున్నారు. పావెల్ వంతు వచ్చింది. తెచ్చుకున్న ఉపన్యాసం పక్కన పెట్టాడు. ఉన్న నేలంతటికీ సరిపడా నీరు ఈ పడమట లేదనీ, ఇలాగే పోతే మీ పిల్లలకు వారసత్వంగా నీటితగవులు మిగులుతాయనీ మొగమాటం లేకుండా చెప్పేశాడు. సభ గోలగోలగా అరిచింది. ఆయన చెప్పవలసినది చెప్పి దిగాడు. మరుసటి ఏడు, తెగిన చేతికి మరల శస్త్రచికిత్స అవసరమైన రోజుల్లో, పదవి వదులుకున్నాడు.

మహనీయుల కథ చెప్పేటప్పుడు లోపాలు దాచడం మంచిది కాదు. మొదటి ప్రయాణం గురించి వ్రాసిన పుస్తకంలో పావెల్ రెండు ప్రయాణాల సంగతులూ కలిపేసి, రెండవసారి కష్టపడ్డ సహచరుల పేర్లు చెప్పనే లేదు. వారు ఆ బాధ మరువలేదు. అమెరికా ఆదివాసుల భాషలనూ ఆచారాలనూ ప్రేమతో నేర్చుకున్నాడు. 1879 నుంచి చనిపోయేవరకు వారి జీవనాన్ని అధ్యయనం చేసే ప్రభుత్వ శాఖను నడిపాడు. మెక్సికోకు ఉత్తరాన వున్న ఆదివాసుల భాషలను కుటుంబాలుగా విభజించి 1891లో ప్రకటించాడు. ఒక భాష పోతే ఏం పోతుందో మనకు వేరే చెప్పాలా! అయితే ఆదివాసులు తమ పాత బతుకు విడిచి తెల్లవారి దారికి రావడమే మేలని ఆయన కూడా నమ్మాడు. వారి నేల మీదికి వచ్చేవారికి నీళ్ళు ఎలా పంచాలని ఆలోచించాడు గాని, వారి వాటా ఎంతని అడగలేదు.

1902 జూన్ 17న పడమటి పారుదల పథకాలకు ప్రభుత్వమే పూనుకునే చట్టం మీద అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్ట్ సంతకం చేశాడు. మూడు నెలల తరువాత, సెప్టెంబరు 23న, మెయిన్ రాష్ట్రంలోని హేవెన్ అనే చోట, తన వేసవి ఇంట్లో పావెల్ కన్నుమూశాడు. వయస్సు 68. ఆర్లింగ్టన్‌లో సైనిక లాంఛనాలతో సమాధి చేశారు.

ఆయన తరువాత

పావెల్ మేనల్లుడు ఆర్థర్ పావెల్ డేవిస్ కొలరాడో మీద పెద్ద ఆనకట్ట కావాలని పట్టుబట్టినవారిలో ముఖ్యుడు. అదే నేటి హూవర్ డాం, 726 అడుగుల ఎత్తు, 1936కు పూర్తయింది. ఎత్తున నిలిపిన నీటిని కిందికి వదిలితే ఆ బరువు చక్రాలను తిప్పుతుంది. పొగ లేదు, బూడిద లేదు. నాగార్జునసాగర్‌లోనూ శ్రీశైలంలోనూ కరెంటు పుట్టేది ఇదే సూత్రం మీద. ఎత్తు ఎంత వుంటే శక్తి అంత. నీటిమట్టం దిగితే శక్తి దిగుతుంది. 1963లో గ్లెన్ కేన్యన్ డాం తలుపులు మూశారు. గ్లెన్ కేన్యన్ అన్న పేరు పావెల్ పెట్టినదే. ఆయన మెచ్చుకున్న ఆ లోయనే ముంచి, పైన నిలిచిన సరస్సుకు ఆయన పేరు పెట్టారు. 1869లో ఆయన ప్రయాణం ముగిసిన వర్జిన్ నది సంగమం కూడా హూవర్ డాం వెనుక సరస్సులో మునిగిపోయింది.

ఇక నీటి పంపకం సంగతి. 1922లో ఏడు రాష్ట్రాలు కొలరాడోను పంచుకున్నాయి. మన టి.ఎం.సి.లలో చెబితే ఎగువ రాష్ట్రాలకు సుమారు 327, దిగువ రాష్ట్రాలకు సుమారు 327. 1944లో మెక్సికోకు సుమారు 65. మొత్తం సుమారు 719 టి.ఎం.సి. ఆ నది ఒడ్డున వేల ఏళ్ళుగా వున్న ఆదివాసులను ఆనాడు ఎవరూ పిలవలేదు. పోనీ, అన్ని నీళ్ళున్నాయా అంటే, వారు లెక్కకు తీసుకున్నవి వానలు బాగా పడిన కొద్ది సంవత్సరాలు. 2000 నుంచి సగటున వస్తున్నది సుమారు 540 టి.ఎం.సి. మాత్రమే. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

ఇక్కడ మన కృష్ణను తలుచుకోవాలి. 1973లో బచావత్ ట్రిబ్యునల్ కృష్ణా నీటిని పంచినప్పుడు, నాలుగేళ్ళలో మూడేళ్ళు నమ్మకంగా వచ్చే నీరెంత అని చూసి 2,060 టి.ఎం.సి. అని తేల్చింది. మంచి ఏళ్ళను చూసి మురిసిపోలేదు. తగవులు మనకూ తప్పలేదు, తీరనూలేదు. కాని లెక్క కట్టిన పద్ధతిలో జాగ్రత్త వుంది. అమెరికాలో నాలుగు కోట్లమంది ఆధారపడిన ఈ పేరుమోసిన నది మన కృష్ణలో మూడోవంతు కూడా లేదన్న సంగతి మనలో ఎంతమందికి తెలుసు?

ఫలితం మన కళ్ళముందే కనబడింది. 2021 ఆగస్టులో కొలరాడో దిగువ భాగంలో తొలిసారి నీటి కొరత ప్రకటించారు. 2022 వేసవిలో లేక్ మీడ్, 1930లలో నిండడం మొదలైన తరువాత ఎన్నడూ లేనంతగా దిగింది. 2023 ఆరంభంలో లేక్ పావెల్ మట్టం, కరెంటు తీయగల కనీస మట్టానికి కేవలం ముప్పై అడుగుల దగ్గరకు వచ్చింది. రాతి గోడల మీద తెల్లని చార నీరు ఎంత దిగిందో చూపిస్తూ నిలిచింది. 1893లో సభలో అరిచినవారి మునిమనుమలు ఆ వారసత్వాన్ని అనుభవిస్తున్నారు. ఫీనిక్స్, లాస్ వేగాస్, లాస్ ఏంజిలస్, శాన్ డియాగోలలో ఇళ్ళు కొనుక్కున్న మనం కూడా ఆ వారసత్వంలో భాగస్వాములమే. మన కొళాయిలో వచ్చేది ఆ నీరే.

మనలో చాలామంది పెద్దలు బిందె నీటితో కుటుంబమంతా రోజు గడిపిన ఇళ్ళలోంచి వచ్చినవారు. మన పిల్లలకు కొళాయి తిప్పితే నీళ్ళు, మీట నొక్కితే వెలుగు. ఆ రెండూ ఎక్కణ్ణుంచి వస్తున్నాయో చెప్పవలసిన బాధ్యత మనది. ఈసారి గ్రాండ్ కేన్యన్ వెళ్ళినప్పుడు గట్టు మీద పావెల్ స్మారకం వుంటుంది. అక్కడ పిల్లలను కాసేపు కూర్చోబెట్టి, ఒంటిచేత్తో ఈ నదిని దాటినవాడి కథ చెప్పండి. నది ఎలా తవ్విందో చెప్పండి. ఇందులో నీళ్ళు ఎన్నో వారిచేతనే లెక్క కట్టించండి. ఇంటికి వచ్చాక పెరట్లో గడ్డికి నీళ్ళు పెట్టేటప్పుడు ఆ లెక్క వారికి గుర్తుంటే, పావెల్ శ్రమ వృథా పోలేదనుకుందాం.